పొమ్మంటే పోని పూత గారికి

మహారాజశ్రీ ఆనోడైజింగ్ పూత గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. 'ఉభయ' అన్నది ఉత్తరాల అలవాటు కొద్దీ పడింది గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా టార్చ్‌లైటు ఇందాక సంచిలో దానంతటదే వెలిగి, బయటికి తీసేసరికి పట్టుకోలేనంత వేడెక్కి ఉంది. దాని అల్యూమినియం గొట్టాన్ని ఆమ్లంలో ముంచి, కరెంటు పంపి పెంచిన గట్టి పొర తమరే. దీని వెనక తమరి హస్తం ఉంది కాబట్టి తమరికే రాసుకుంటున్నాను.

మీరు అసలు పోరని నేను అభాండం వేయను. పోకూడని చోట నుంచి భేషుగ్గా పోతారు. జేబులో తాళంచెవులు పక్కన చేరితే చాలు, అంచుల మీద మాయం. టార్చి ఒక్కసారి చెయ్యి జారితే మూల మీద మాయం. మీ సన్నటి రంధ్రాల్లో నింపిన నల్లరంగు ఎండకు ఎప్పుడో ఊదాలోకి దిగింది. సరే, సగం దారి మీరే నడిచారు కదా, మిగతా సగం మేం సాగనంపి లోపలి తెల్లటి లోహానికి మెరుగు పెట్టుకుందాం అనుకుంటే, సరిగ్గా అప్పుడు మీకు వంశగౌరవం గుర్తొస్తుంది.

వంశం మాత్రం చిన్నదా! కెంపు, నీలం, మీరు, రసాయనికంగా అందరూ అల్యూమినియం ఆక్సైడే. సముద్ర విమానాల భాగాలను ఉప్పునీరు తినేయకుండా 1923 నుంచే మీ పూర్వీకులు కాపలా కాశారు. అంతటి వారికి ఇంట్లో ఉన్న వెనిగర్ ఒక లెక్కా? అందులో వంటసోడా కలిపి రుద్దమని చెప్పే మహానుభావులకు వేరే ఉత్తరం రాయాలి. ఆ రెండూ ఒకదాని బలాన్ని ఒకటి తీసేసుకుని నురగ మిగులుస్తాయి, మీరు ఆ నురగలో స్నానం చేసి లేస్తారు. సెగ చూపిస్తే రాలిపోతుందన్న పెద్దమనిషి ఇంకొకరు. మీరు కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి, మీ కిందున్న అల్యూమినియం 660 దగ్గరే కారిపోతుంది. ఇక శాండ్‌పేపర్. దాని మీద అంటించే పొడి చాలాసార్లు అల్యూమినియం ఆక్సైడే. మీ మీదికి మీ చుట్టాల్నే పంపిస్తున్నామని తెలియక భుజాలు పడిపోయేదాకా రుద్దుతాం. చదునైన చోట ఎలాగో పని జరుగుతుంది. చేతికి పట్టు కోసం చెక్కిన ఆ గళ్లలోకి ఏ కాగితం దూరుతుంది?

అందుకే ఎవరైనా చివరికి కాస్టిక్ సోడా దగ్గరికే చేరతారు. చేరాను. కళ్లకు అద్దాలు, మోచేతుల దాకా తొడుగులు, ఆరుబయట ప్లాస్టిక్ బకెట్. నీళ్లలో కాస్టిక్ వేయడమే తప్ప కాస్టిక్ మీద నీళ్లు పోయకపోవడం. వచ్చే బుడగలు హైడ్రోజన్ కాబట్టి దరిదాపుల్లో నిప్పు లేకుండా చూసుకోవడం. ఇంత భయభక్తులతో నేను ఏ పూజా చేసి ఉండను. తమరు మొదట ఉలకలేదు, పలకలేదు. ద్రావణం తప్పేమో అని టెన్షన్ పడుతుండగా ఒక్కసారిగా నురగ. బకెట్ వెచ్చబడింది, వేడికి నురగ పెరిగింది, నురగకు మళ్లీ వేడి పెరిగింది. బయటికి తీసి కడిగి చూస్తే, గళ్లలో మీరు అలాగే ఉన్నారు.

మరి ఆ బుడగలన్నీ ఎక్కడివి? థ్రెడ్లవి. వెనక మూత బిగించే మరచుట్లవి!

వాటికి ఏమీ కాకూడదని టేపు చుట్టాను. టేపు కిందకి కాస్టిక్ పాకింది. పాకితే పాకింది, అక్కడ కాపలాకి ఉన్నది ఎవరు? మీరు. మీరు ఎప్పుడూ లోహానికి నిటారుగా పెరుగుతారట. పదునైన కొన దగ్గర అటు నుంచి పెరిగినవారూ ఇటు నుంచి పెరిగినవారూ సరిగ్గా కలవరు, మధ్యలో సందు మిగులుతుంది. కాస్టిక్‌కు ఆ సందు చాలు. మిమ్మల్ని కొరకడం దానికి ఆలస్యం గానీ, బట్టబయలైన అల్యూమినియం దొరికితే ఆబగా తింటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మీ మీద పోసిన మందు ఏ పాపం ఎరుగని లోహాన్ని మింగింది. గళ్లలో మీరు సుఖంగా కూర్చుని ఆ భోజనం చూశారు.

అవును, నువ్వే. ఇక తమరు, దివ్యసముఖం నా వల్ల కాదు.

పోతే పోయావు, లోహాన్ని దాని కొలతకు అప్పగించి పోవచ్చు కదా? పోవు. నువ్వు పైన అద్దిన రంగువి కాదు, ఆ లోహాన్నే తిని అందులోంచి పెరిగినవాడివి. మందంలో సుమారు సగం పైకి, సగం లోపలికి. టార్చీల మీద వేసే గట్టి రకం 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉందనుకుంటే, నువ్వు దిగిపోయేసరికి గొట్టం వ్యాసం 0.1 మి.మీ. తగ్గుతుంది. మూత లోపల కూడా పోతే అక్కడ ఇంకో 0.1 మి.మీ. పెరుగుతుంది. కాస్టిక్ సొంతంగా తిన్నది దీనికి అదనం. ఒకప్పుడు బిగువుగా తిరిగిన మూత ఇప్పుడు గలగలలాడుతోంది.

వదులైతే వదులు, గ్రీజు దట్టించి సరిపెట్టుకుందును. నీ అసలు ద్రోహం అది కాదు. నీలోంచి కరెంటు పారదు. అందుకే నువ్వు థ్రెడ్ల మీద ఉన్నన్నాళ్లూ, కరెంటుకు గొట్టం చివరి బోడి అంచు ఒక్కటే దారి. మూత పావు చుట్టు వదులు చేస్తే ఆ అంచు దగ్గర దారి తెగిపోయి, స్విచ్ ఎంత ఒత్తుకున్నా టార్చి వెలిగేది కాదు. ఇంత పని చేసేవాడివి, ఒక్కనాడైనా చెప్పావా? ఇప్పుడు థ్రెడ్లంతా లోహానికి లోహం. మూత ఎంత వదులు చేసినా సంచిలో ఏదో ఒకటి స్విచ్‌కు తగులుతుంది, బ్యాటరీ కాలుతుంది, నేను తిట్లు తింటాను. నువ్వు పోవాల్సిన గళ్లలో ఉన్నావు, ఉండాల్సిన థ్రెడ్ల మీద లేవు. దీన్ని పగ అనక ఏమనాలి?

నిన్ను మర్యాదగా తీసే మందు లేకపోలేదు. ఫాస్ఫారిక్, క్రోమిక్ ఆమ్లాల వేడి ద్రావణం నిన్ను కరిగించి లోహాన్ని దాదాపు ముట్టుకోకుండా వదిలేస్తుంది. కాకపోతే అందులో ఉండే క్రోమియం క్యాన్సర్ తెచ్చే రకం. కార్ఖానాల వాళ్లకు మర్యాద, ఇళ్లలో వాళ్లకు మసి. ఆ మసి సంగతీ నీ ఖాతాలోనే రాస్తున్నాను. మిశ్రలోహంలోని రాగి, ఇనుము లాంటివి కాస్టిక్‌లో కరగక నల్లటి పొడిగా లోహం పైన మిగిలిపోతాయి. నైట్రిక్ ఆమ్లంలో ముంచితే పోతుందట. ఇంట్లో నైట్రిక్ ఆమ్లం! మెత్తటి బ్రష్‌తో తోమాను, సింకు నల్లబడింది, తువ్వాలు నల్లబడింది.

మెరుగు పెట్టాక ఆ గొట్టం అద్దంలా మెరిసింది, అబద్ధమెందుకు. తర్వాత వేలిముద్రలు పడ్డాయి, మసకేసింది, పట్టుకున్న చేతికి బూడిదరంగు అంటుకుంటోంది. నువ్వు పోయిన క్షణమే గాలి తగిలి నీ తమ్ముడొకడు పుట్టాడు. మందం కొన్ని నానోమీటర్లు. మూత ఒక చుట్టు తిప్పితే చిరిగిపోతాడు, కరెంటునేం ఆపుతాడు? వాడిని చూశాక నీ మొండితనం మీద కొంచెం గౌరవం కలిగిన మాట నిజం. కొంచెమే. నెత్తికెక్కించుకోకు.

ఇట్లు,
గోళ్ల సందుల్లో మసితో,
తమ బాధితుడు

తా.క.: టార్చి తలభాగం బకెట్‌లోకి దిగకముందే పని ఆపేశాను. అక్కడ మీరు థ్రెడ్లతో సహా నిక్షేపంగా ఉన్నారు. దయచేసి కదలకండి.