పాత సామాను కొన్నంత మాత్రాన ఇల్లు సగం ధరకు రాదు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కూల్చిన ఇళ్ల తలుపులు, పెంకులు, ఇటుకలు, ఇనుప కమ్ములు కొనుక్కొస్తే పాతకాలపు పెంకుటిల్లు లాంటిది సగం ఖర్చుకే కట్టుకోవచ్చట, కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ చేసింది అదేనట. పాత సామానుతో కట్టుకోవడం మంచి పనే, నాకు చాలా ఇష్టం కూడా. ఈ లెక్క నమ్మి దిగినవాళ్లు గోడలు లేచాక చేతులెత్తేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు 'సగం ఖర్చు' సంగతి. పునాది, స్లాబు, బోరు, సెప్టిక్ ట్యాంకు, వైరింగు, కూలి, ఇవేవీ పాత సామాను కొట్లో దొరకవు. తలుపులూ కిటికీల దగ్గర మిగిలేది మొత్తం బడ్జెట్‌లో సగం ఎలా అవుతుంది? పైగా కూలి పెరుగుతుంది. పాత ఇటుకకు అంటుకున్న మాలు ముందు గీకాలి. సున్నపు మాలైతే సుత్తితో తడితే ఊడొస్తుంది, సిమెంటు మాలైతే ఇటుకే విరుగుతుంది. కొనే ముందు ఆ ఇల్లు దేనితో కట్టారో అడగండి. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి.

'పాత టేకు తలుపు కళ్లు మూసుకుని కొనొచ్చు' అన్నది రెండో మాట. టేకు దుంగ మధ్యలో ఉండే గట్టి భాగం, అంటే చేవ, నిలుస్తుంది. దాని చుట్టూ ఉండే తెల్లటి పొర పురుగు పాలవుతుంది. ద్వారబంధం నేలకు ఆనే చోట మేకుతో గుచ్చి చూడండి, సులువుగా దిగితే చెద తినేసినట్టే. కొత్తగా రంగేసిన తలుపు కన్నా వెలిసిపోయిన తలుపు మేలు, లోపం దాగదు. అన్నిటికన్నా ముఖ్యం, తలుపులు ముందు కొని, కొలతలు తీసుకుని, ఆ తర్వాతే ప్లాన్ గీయించండి. ప్లాన్ అయ్యాక కొంటే మిగిలిందంతా వడ్రంగి కూలికే పోతుంది.

పెంకులైతే ఒకే ఇంటివి కొనండి. వేర్వేరు కంపెనీలవి ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు, వాన కారుతుంది.

ఇక కమ్ములు. పగలగొట్టిన స్లాబులోంచి తీసినవి సాపు చేసి వాడుకోవచ్చన్నది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. వంచి మళ్లీ సాగదీసిన చోట కమ్మి బలహీనపడుతుంది. తుప్పు తిన్న చోట మందం తగ్గుతుంది. పాతకాలపు నున్నటి కమ్మికి కాంక్రీటు పట్టు తక్కువ. అది ఏ గ్రేడో చూసి చెప్పడం ఇంజనీరు వల్ల కూడా కాదు. పిల్లర్లకు, బీములకు, స్లాబుకు కొత్త ఇనుమే వాడాలి. ఇందులో బేరం లేదు.

బేకర్ కేరళలో కూల్చిన ఇళ్ల తలుపులు, కిటికీలు వాడిన మాట నిజమే. కానీ ఆయన ఖర్చు తగ్గించింది ముఖ్యంగా కట్టే పద్ధతితో. ర్యాట్ ట్రాప్ గోడలో ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు, దాదాపు 25 శాతం ఇటుకలు మిగులుతాయి. బరువు పడ్డప్పుడు స్లాబు అడుగు భాగం సాగబోతుంది, ఆ లాగుడును మోసేది కమ్ములే, కాంక్రీటు కాదు. అందుకే ఫిల్లర్ స్లాబులో కమ్ముల మధ్య పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గిస్తారు. చాలా గోడలకు ఆయన ప్లాస్టరింగే చేయించలేదు. పని జరుగుతుంటే సైటులో మేస్త్రీల పక్కనే ఉండేవాడు.

కాబట్టి పాత తలుపుల కన్నా ముందు ర్యాట్ ట్రాప్ పని వచ్చిన మేస్త్రీని వెతకండి. అతను కట్టిన గోడ ఒకటి కళ్లారా చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.