మే 7న పాలు రాలేదు

అమెరికాలో మన తెలుగు సంఘం పత్రిక చేతికి రాగానే నేను ముందు తిప్పేది ఆఖరి పేజీ. ఏ తారీకున ఏం జరిగిందో చెప్పే పట్టిక ఉండేది అక్కడే. కథలూ కవితలూ తర్వాత. మే నెల పట్టికలో ఏడో తారీకు కింద నాలుగు సంగతులు వేశారు. 1824లో వియన్నాలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీని మొదటిసారి వినిపించారు. 1861లో రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టారు. 1924లో కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. 1945లో రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది. నాలుగూ నిజమే. ఐదోది వెయ్యలేదు. అది మా ఊరిది.

మాది విశాఖపట్నంలో మర్రిపాలెం. 2020 మే 7 తెల్లవారుజామున సుమారు మూడింటికి, మాకు కాస్త దూరంలో ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. న్యూజెర్సీలో మాకు అప్పుడు ఇంకా ఆరో తారీకు, సాయంత్రం ఐదున్నర. రాత్రి భోజనాలయ్యాక వీడియోలు మొదలయ్యాయి. నడుస్తూ నడుస్తూనే కూలబడిపోతున్న మనుషులు, పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్లు, రోడ్డు పక్కన కాళ్లు చాపేసి పడి ఉన్న పశువులు. మా ఫోన్లో తారీకు మారకముందే మా ఊళ్లో మనుషులు పోయారు. మొత్తం మీద పన్నెండు మంది. కేజీహెచ్‌కీ మిగతా ఆసుపత్రులకీ చేరినవాళ్లు వందల్లో ఉన్నారు.

స్టైరిన్ అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవం. దానికో గుణం ఉంది. పట్టించుకోకుండా వదిలేస్తే తనలో తానే గట్టిపడటం మొదలుపెడుతుంది. గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా జోరుగా గట్టిపడుతుంది. పాలు పొంగడం చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కాకపోతే పాలు స్టవ్ ఆపితే ఆగుతాయి, దీనికి స్టవ్ లోపలే ఉంటుంది. అందుకే చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా ఆపే మందు సరిపడా కలపాలి, ట్యాంకులో అడుగూ పైనా ఒకే వేడి ఉందో లేదో చూస్తూ ఉండాలి. లాక్‌డౌన్‌లో నలభై రోజులు ఫ్యాక్టరీ నడవలేదు. ట్యాంకులో సరుకు మాత్రం అలాగే ఉంది. వేడి మీద కన్ను వెయ్యలేదనీ, మందు చాలలేదనీ, సైరన్ మోగలేదనీ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. సైరన్ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. ట్యాంకు కెమిస్ట్రీ ఊళ్లోవాళ్లకి తెలియకపోవచ్చు, సైరన్ మోగితే లేచి పరిగెత్తడం అందరికీ తెలుసు.

మా బంధువు ఒకాయన అప్పుడే ఫోన్ చేసి, "మే 7 మన విశాఖకి అచ్చిరాలేదు నాన్నా, అప్పుడు రాజుగారు, ఇప్పుడు ఇది" అన్నారు. పెద్దాయన కదా అని ఊరుకున్నాను కానీ, ఈ మాట నాకు ఒళ్లు మండించింది. రాజుగారిని తారీకు కాల్చలేదు, బ్రిటిష్ మేజర్ గుడాల్ కాల్చాడు. ట్యాంకుని వేడెక్కించింది కూడా తారీకు కాదు. ఒకే గడిలో పడ్డంత మాత్రాన రెండిటికీ చుట్టరికం కలపక్కర్లేదు. రెండిటినీ గుర్తుపెట్టుకుంటే చాలు.

గుర్తుపెట్టుకోవడంలో మన లెక్కలు వేరు. అల్లూరి పుట్టింది 1897 జూలై 4న, భీమిలి దగ్గర పాండ్రంగిలో. ఆ రోజు అమెరికాకి సెలవు. పార్కులో కూలర్ బాక్సు మీద ఫోటో నిలబెట్టి, దండ వేసి, ఓ పాట పాడి, మొక్కజొన్న పొత్తులు కాలుతున్న వైపు నడుస్తాం. నేనూ నడుస్తాను. వర్ధంతికి మాత్రం సెలవు ఉండదు. ఇరవయ్యారేళ్ల మనిషిని మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకెళ్లి, చెట్టుకి కట్టి, విచారణ లేకుండా కాల్చేసిన రోజు పిక్నిక్‌కి పనికిరాదు మరి.

ఐదో సంగతి కూడా వెయ్యమని సంఘంలో ఒక మిత్రుడితో అంటే, "అల్లూరి పక్కన గ్యాస్ లీకు ఏంటండీ" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. రాజుగారు తెలిసి తెలిసి ఆ దారిన వెళ్లారు. వెంకటాపురం వాళ్లు నిద్రపోతున్నారు, అంతే. కానీ జర్మనీ సంతకానికి చోటు దొరికిన పట్టికలో వీళ్లకి దొరకదా? ఆ సంతకం పెట్టింది 7న అయినా యూరప్‌లో పండగ 8న, రష్యాలో 9న. బెంగాలీలు ఠాగూర్ జయంతిని తమ వైశాఖం 25న చేసుకుంటారు, అది మే 8నో 9నో పడుతుంది. ఎవరికి కావలసిన రోజుని వాళ్లు పట్టుకున్నారు. మనం మాత్రం అందరి తారీకులూ అచ్చేసి మనవాటిని వదిలేస్తున్నాం. నవంబర్ 1 సంగతే చూడండి. రాష్ట్రావతరణ అని సభ పెడతాం. రాష్ట్రానికి సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, 1966లో, ఉక్కు ఫ్యాక్టరీ కావాలని రోడ్డెక్కినవాళ్ల మీద విశాఖలో పోలీసు కాల్పులు జరిగిన సంగతి ఆ సభలో ఎవరూ ఎత్తరు. ఎత్తితే మూడ్ పాడవుతుందని కాబోలు.

సంపాదకులని నేనడిగేది ఒక్క లైను. వచ్చే మే సంచికలో, అల్లూరి కింద.

పోయిన వేసవిలో ఇంటికి వెళ్లాను. అమ్మ పాత క్యాలెండర్లు పారెయ్యదు, వంటింటి అలమరలో అరల మీద పరుస్తుంది. చింతపండు డబ్బా తియ్యమంటే తీశాను. దాని కింద 2020 మే కాగితం, నూనె మరకతో. రోజూ గడిలో బాల్‌పెన్‌తో పాల లెక్క: రెండు, రెండు, రెండు. ఏడో గడిలో నిండు చంద్రుడి బొమ్మ, ఎర్రక్షరాల్లో బుద్ధ పూర్ణిమ. దాని కింద అమ్మ చేతిరాత, "పాలు రాలేదు". ఎనిమిదిలోనూ అదే. తొమ్మిదిలో ఒట్టి గీత.

"అప్పుడు పాలు పోసేదెవరమ్మా?"

"ఆ వెంకటాపురం అబ్బాయి. మూడు గేదెలూ పోయాయంట."

"ఏడో తారీకు కదా అది."

"తారీకు నాకేం గుర్తురా. పున్నమి. ఆరు రోజుల పాల డబ్బులు నా దగ్గరే ఉండిపోయాయి. తీసుకోడానికి మళ్లీ రాలేదు."

నా చేతిలోంచి డబ్బా తీసుకుని చింతపండు తీసుకుంది. మళ్లీ ఆ కాగితం మీదే పెట్టింది.