తేలింది సరే, చేరిందా?

1747లో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో స్కర్వీతో (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) పడకేసిన 12 మంది నావికులను జేమ్స్ లిండ్ అనే వైద్యుడు ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేశాడు. అందరికీ తిండి ఒకటే, మందు మాత్రం జట్టుకొకటి. వెనిగర్ పుచ్చుకున్నవాళ్లు, సముద్రపు నీళ్లు తాగినవాళ్లు పెద్దగా కోలుకోలేదు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరిలో ఒకడు ఆరు రోజులకే డ్యూటీ ఎక్కడానికి సిద్ధమయ్యాడు. లిండ్ ఈ సంగతిని 1753లో అచ్చు వేయించాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం సరఫరాకు ఒప్పుకున్నది 1795లో. ప్రయోగానికీ ఉత్తర్వుకూ మధ్య 48 ఏళ్లు గడిచాయి. లిండ్ ఆ ముందటేడే కన్నుమూశాడు.

తప్పంతా నౌకాదళం అధికారులదే అనడానికి లేదు. లిండ్ ఈ ఫలితాన్ని ఒక లావుపాటి గ్రంథం మధ్యలో కొద్ది పేరాల్లో చెప్పి వదిలేశాడు. పైగా నిల్వ ఉండటానికి రసాన్ని వేడిచేసి చిక్కబరచమని ఆయనే సలహా ఇచ్చాడు. ఆ వేడికి అసలు గుణం చాలావరకు పోతుందని అప్పటికి ఎవరికీ తెలీదు, విటమిన్ అనే మాటే ఇంకా పుట్టలేదు. కనిపెట్టడం ఒక పని. కనిపెట్టినది నౌకలో సరుకులు పంచే మనిషి చేతికి పనికొచ్చే రూపంలో చేరడం ఇంకో పని. మొదటిదానికి పట్టాలున్నాయి, పతకాలున్నాయి. రెండోదాన్ని నాది అనేవాళ్లు లేరు. మా ఫిర్యాదు దాని గురించే.

తెరచాపల కాలం ముచ్చట ఇప్పుడెందుకు అనుకునేవారికి దగ్గరి సంగతి చెబుతాం. చంటిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టాలని పాశ్చాత్య దేశాల్లో నిపుణులే దశాబ్దాల పాటు సలహా ఇచ్చారు. అలా పడుకున్న పిల్లల్లో నిద్రలోనే ఆకస్మికంగా చనిపోయే ప్రమాదం ఎక్కువని 1970 నాటికి అచ్చయిన అధ్యయనాలను ఒకచోట పెట్టి చూస్తే చాలు, తెలిసిపోయేది. అలా పెట్టి చూసిన వాళ్లు లేరు. వెల్లకిలా పడుకోబెట్టండి అన్న ప్రచారం బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో మొదలైంది. మరణాలు సగానికి పైగా తగ్గాయి. 2005లో ఒక పరిశోధక బృందం పాత లెక్కలన్నీ తిరగేసి, 1970లోనే ఈ మాట చెప్పి ఉంటే యూరప్, అమెరికా, ఆస్ట్రలేషియాల్లో (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రాంతం) కనీసం 50,000 మంది పసిపిల్లలు బతికి ఉండేవారేమోనని అంచనా కట్టింది. కొత్త మందు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. బిడ్డను ఇటు తిప్పి పడుకోబెట్టమనే ఒక్క మాట ఇల్లు చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

చేరిన కథ కూడా ఒకటుంది. అది ఎలా చేరిందో చూస్తే మేము అడుగుతున్నదేమిటో తేటపడుతుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త పేగుగోడల్లో గ్లూకోజ్, ఉప్పులోని సోడియం జంటగా లోపలికి వెళ్తాయని ప్రతిపాదించాడు. కలరాకు మందు వెతుకుతూ చేసిన పని కాదది. ఆ దశకంలోనే ఢాకా, కలకత్తాల్లోని పరిశోధకులు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లతో కలరా రోగులు నిలబడతారని పరీక్షించి చూపారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణాన్ని కలిపించి రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

అసలు విశేషం ఆ తర్వాతిది. 1980 నుంచి పదేళ్ల పాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపి, కోటికి పైగా కుటుంబాల్లో తల్లులకు ఈ ద్రావణం కలపడం నేర్పించింది. ప్యాకెట్లు పంచలేదు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు అన్నారు. ప్రయోగశాలలో గ్రాముల్లో ఉన్న కొలతను ఆ ఇంటి వంటగది కొలతలోకి మార్చి, తల్లులు కలిపిన నీళ్లను మళ్లీ పరీక్షించి సరిపోయిందని తేల్చుకున్నారు. కార్యకర్తకు జీతం ఎన్ని ఇళ్లు తిరిగిందన్న లెక్క మీద కాదు. కొన్నాళ్లకు వేరే మనిషి వెళ్లి తల్లిని అడుగుతాడు, ఆమెకు ఎంత గుర్తుందో దాన్ని బట్టి డబ్బు. నేర్చుకున్నవాళ్లలో కూడా నిజంగా వాడేవాళ్లు తక్కువని తేలినప్పుడు తల్లులను నిందించలేదు. ఎందుకని వెతికారు, ఇంటి మగవాళ్లకు ఎవరూ చెప్పలేదన్న సంగతి తెలిసి, వాళ్ల దగ్గరికీ వెళ్లడం మొదలుపెట్టారు. దీన్ని ప్రచారం అనడం మాకు ఇష్టం లేదు. ప్రశ్న వేసుకోవడం, కొలవడం, తప్పయితే దిద్దుకోవడం అన్నీ ఇందులో ఉన్నాయి. ఇది కూడా పరిశోధనే.

ఇప్పుడు బడి సంగతి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు. కొన్నింటిని రెండోసారి చదివించారు, కొన్నింటిని ఒకసారి చదివాక చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారిదే పైచేయి, వాళ్లకు 81 శాతం గుర్తుంటే రాసినవారికి 75 శాతం. వారం తర్వాత తలకిందులైంది. మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. పాఠాన్ని ఒక్కసారే బట్టీ కొట్టకుండా రోజులు ఎడమిచ్చి చదివితే నిలుస్తుందన్న మాట ఇంకా పాతది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు. 2013లో పది రకాల చదువు పద్ధతులను బేరీజు వేసిన ఒక సమీక్ష ఈ రెండింటికే పెద్దపీట వేసింది. పుస్తకంలో రంగు గీతలు గీయడం, చదివిందే చదవడం వల్ల పెద్ద ఫలితం లేదంది. పరీక్షల టెన్షన్‌లో ఉన్న విద్యార్థి చేతిలో ఈరోజుకీ కనిపించేది రంగు పెన్నే. తప్పు ఆ విద్యార్థిది కాదు. మళ్లీ చదువుతుంటే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, పుస్తకం మూసి రాయబోతే ఏమీ రానట్టనిపిస్తుంది. మనసు మొదటిదానికే ఓటేస్తుంది.

కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు కాబట్టి ఎవరి తీరుకు తగ్గట్టు వారికి పాఠం చెప్పాలన్న సిద్ధాంతానిది దీనికి ఎదురు కథ. దానికి తగిన ఆధారం లేదని 2008లోనే ఒక ప్రముఖ సమీక్ష తేల్చింది. అయినా ఉపాధ్యాయ శిక్షణలో అది రాజ్యమేలుతూనే ఉంది. ఆధారం ఉన్నది గుమ్మం బయటే ఉంది, లేనిది నట్టింట్లో కూర్చుంది.

చేరవేయడమంటే తొందరపడమని కాదు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన ఒక వ్యాసం, కేవలం 12 మంది పిల్లల్ని చూసి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది. దాన్ని వెనక్కి తీసుకున్నది 2010లో. ఆ మధ్య పన్నెండేళ్లలో ఆ భయం ఎన్ని ఇళ్లకు చేరిందో అందరికీ తెలుసు, దాన్ని మోసుకెళ్లిన వాటిలో పత్రికలు ముందున్నాయి. ‘ఒక అధ్యయనంలో తేలింది’ అన్న శీర్షిక రాయడం మాకూ అలవాటే, ఆ తప్పు ఒప్పుకుంటున్నాం. 2015లో మనస్తత్వ శాస్త్రంలోని 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతమే నిలబడ్డాయి. ఒక్క పరిశోధనా పత్రం సమాచారమే తప్ప తీర్పు కాదు. మందుల విషయంలో ఇలా అన్ని ప్రయోగాలనూ జల్లెడ పట్టే పనిని 1993 నుంచి కాక్రేన్ సంస్థ చేస్తోంది. చాలా రంగాలకు ఇంకా అలాంటి జల్లెడ లేదు.

నిలబడిన ఫలితం కూడా చోటు మారితే మారిపోవచ్చు. ఆపరేషన్‌కు ముందు సరిచూసుకునే చెక్‌లిస్టు ఎనిమిది ఆస్పత్రుల్లో మరణాలను 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గించిందని 2009లో వచ్చింది. కెనడాలోని ఒంటారియోలో 101 ఆస్పత్రుల్లో దాన్ని అమలుచేశాక చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో వచ్చింది. కాగితం అదే. కాగితం వెంట ఏం వెళ్లింది, ఏం వెళ్లలేదన్నది ఎవరో ఒకరు అక్కడే ఉండి చూడాల్సిన విషయం.

ప్రతి పరిశోధనా రేపటికల్లా అక్కరకు రావాలని మేము అనడం లేదు. అలా అంటే క్రేన్ పని మొదటే ఆగిపోయేది. మేము అడిగేది తేలిపోయిన వాటి గురించి. విశ్వవిద్యాలయాల్లో ప్రమోషన్‌కు పేపర్లు లెక్కపెడతారు, వాటిని ఎందరు ఉటంకించారో లెక్కపెడతారు. మూడేళ్లు తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చుని, తేలిన పద్ధతి అక్కడ ఎందుకు అమలు కావడం లేదో చూసినవాడికి ఏ లెక్కలోనూ చోటు లేదు. పరిశోధనకు ఇచ్చే నిధుల్లో కొంత భాగం ఆ పనికి విడిగా ఉండాలి. ఫలితాన్ని పనిచేసేవారి భాషలో రాయాలి, అచ్చు కాకముందే ఒక టీచరో, నర్సో చదివి అర్థమైందో లేదో చెప్పాలి. అది చదవడానికి వాళ్లకు పని గంటల్లోనే సమయం ఇవ్వాలి. ప్రశ్నలు కూడా వాళ్ల నుంచి పరిశోధకులకు రావాలి.

ముందుగా ఉపాధ్యాయుల కోసం పెట్టే ఒకరోజు శిక్షణ శిబిరాలను సరిచేయవచ్చు. ఎడమిచ్చి చదివితేనే గుర్తుంటుందన్న సంగతిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే బిగిన చెప్పి, సంతకాలు తీసుకుని పంపేసేది అక్కడే.