ముందు వరుస కుర్చీలు

1842లో హయ్యర్ అనే అమెరికా లూథరన్ మిషనరీ అడుగుపెట్టిన ఊరు గుంటూరు. ఇక్కడ చర్చిలకు కొదవ లేదు. అయినా కుదురుగా ప్రార్థించుకునే చోటు దొరకడం ఇంత కష్టమా?

కొత్తగా ఏ సంఘానికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: బాప్తిస్మం నీళ్ల చిలకరింపా, నీళ్లలో ముంచడమా? పసితనంలో నాకిచ్చిన బాప్తిస్మం చెల్లదని ఒకచోట ముఖం మీదే చెప్పారు. ఆ మాట అనడానికి వీరెవరు?

ఇంకోచోట కారు దిగినవారికి ముందు వరుస కుర్చీలు, ఆటో దిగిన మా అమ్మకు గుమ్మం దగ్గర చాప. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి పేదవాణ్ణి నిలబెట్టడం తప్పని బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం సూటిగా చెబుతోంది కదా! కానుకల సంచి మాత్రం చాప దాకా వచ్చింది, కుర్చీ రాలేదు. సంఘం పేరు ఏదైనా సరే, ముందు ఆ కుర్చీ వేయండి.