రాయి పోయింది గదా, ఇక నొప్పి అనకూడదు

కిడ్నీలో రాయి తీయించుకుని, మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ అనే గొట్టంతో ఇంటికొచ్చే వాళ్లలో ఈ మధ్య క్రమశిక్షణ బాగా తగ్గిపోయింది. నెల్లూరు పోగతోటలో ఆపరేషన్ చేయించుకుని కావలి బస్సెక్కిన మనిషి కనీసం ఊరు చేరేదాకా ఓపిక పట్టాలి గదా. పట్టడు. మధ్యలోనే కండక్టర్‌ని బతిమాలి దిగి, బస్సంతా ఎదురుచూస్తుంటే తుమ్మచెట్టు చాటున నిలబడతాడు, వచ్చేది నాలుగు చుక్కలు. ఎక్కి కూర్చున్న కాసేపటికే మళ్లీ డ్రైవర్ వైపు దీనంగా చూస్తాడు.

ఇంతా చేస్తే ఈ డీజే (డబుల్ జె) స్టెంట్ ఏమంత పెద్ద వస్తువని? రెండు మిల్లీమీటర్ల లావు, ఇరవై ఆరు సెంటీమీటర్లు అటూ ఇటూ పొడవు ఉండే మెత్తని గొట్టం. పై చివర కిడ్నీలో, కింది చివర మూత్రాశయంలో చుట్ట తిరిగి ఉంటుంది. లేజర్‌తో రాయి పగలగొట్టాక వాచిన మూత్రనాళం మూసుకుపోకుండా చూస్తుంది. అంత ఉపకారం చేసేది సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడిలా కాస్త కాళ్లు చాపుకుంటే తప్పేంటి? కింది చుట్ట మూత్రాశయాన్ని రాసుకుంటుంది కాబట్టి మాటిమాటికీ పరుగు, మంట, నాలుగడుగులు ఎక్కువ నడిస్తే ఎర్రగా రావడం, పోసేటప్పుడు మూత్రం వెనక్కి ఎగదన్ని నడుములో పోటు. స్టెంట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇందులో ఏదో ఒకటి ఉంటుంది. మామూలే కాబట్టి ముందుగా చెప్పనక్కర్లేదని కొందరు డాక్టర్ల సిద్ధాంతం. చెబితే జనం భయపడతారట! చెప్పకపోతే అర్ధరాత్రి బాత్రూంలో ఎర్రటి ధార చూసి ధైర్యం తెచ్చుకుంటారు కాబోలు.

బ్రిటన్‌లో కొందరు డాక్టర్లు పనిగట్టుకుని స్టెంట్ బాధలు కొలవడానికి 2003లో ఒక ప్రశ్నాపత్రమే తయారుచేశారు. నొప్పి, ఉద్యోగం, చివరికి దాంపత్యం గురించి కూడా అడుగుతారు అందులో. మన దగ్గర అంత తీరికెక్కడ, "నీళ్లు బాగా తాగండి, నెక్స్ట్" అంటే అయిపోయె.

అసలు ప్రమాదం అడిగే రోగితోనే. టామ్సులోసిన్ లాంటి మాత్రలతో చాలామందికి బాధ తగ్గుతుందనీ, మూత్రాశయాన్ని శాంతపరిచే మాత్రలు వేరే ఉన్నాయనీ తెలిస్తే ఊరుకుంటాడా? "ఆపరేషన్ సాఫీగానే అయింది గదా సార్, నాకు స్టెంట్ తప్పనిసరా?" అని కూడా అడుగుతాడు. అలాంటి కేసుల్లో అన్నిసార్లూ అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి మరి, ఏం జవాబు చెప్పాలి?

ఇంటి దగ్గర మాత్రం క్రమశిక్షణ ఇంకా బతికే ఉంది. పరామర్శకొచ్చిన పెద్దమ్మ "రాయి పోయింది గదబ్బాయా, ఇంకేంది నీకు నొప్పి?" అని తేల్చేసి కొండపిండాకు పప్పు తినమంటుంది. పక్కింటాయన గొంతు తగ్గించి బీరు తాగమంటాడు. పాపం, గొట్టం కరగదని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఆదర్శ రోగి అంటే వేరే ఉన్నాడు. అన్నీ ఓర్చుకుని, అలవాటు చేసుకుని, స్టెంట్ తీయించుకోవాల్సిన తేదీనే మర్చిపోతాడు. నెలలు గడిచేకొద్దీ ఆ గొట్టం మీదే రాళ్లు పేరుకుంటాయి, మళ్లీ లేజర్, వీలైతే మళ్లీ స్టెంట్. ఆసుపత్రులకు ఇంతకంటే నమ్మకమైన కస్టమర్ దొరకడు. ఫోన్ చేసి తేదీ గుర్తుచేసి అతన్ని పోగొట్టుకోవడం దేనికి?

చలిజ్వరం వచ్చినా, రక్తం గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా మాత్రం అది మామూలు కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఈ ఒక్క ముక్కయినా తెలుగులో రాసి ఫైల్లో పెట్టండి సార్. చోటు లేదంటే క్యాంటీన్ బిల్లు తీసేయండి.