గుండ్రటి బొమ్మకు రిబ్బను ఎందుకు?

1980లో వచ్చిన ‘ప్యాక్-మ్యాన్’ ఆటలో కథానాయకుడంటే తెర మీద ఒక పసుపు వృత్తం, దానికో నోరు. అంతే. రెండేళ్లకు ‘మిజ్ ప్యాక్-మ్యాన్’ వచ్చింది. అదే వృత్తం, తలపై ఎర్ర రిబ్బను, పెదవులకు రంగు, ఒక పుట్టుమచ్చ. ఏమీ తగిలించకపోతే మగవాడు, ఆడమనిషి కావాలంటే ఏదో ఒకటి తగిలించాలి!

పిల్లల ఆటల్లో, కార్టూన్లలో ఆడ, మగ మూసల గురించి మాట ఎత్తగానే చర్చ గులాబీ, నీలం రంగుల మీదికి పోతుంది. రంగులు మార్చడం తేలిక. నోటితో అన్న మాటను తీసేయడం ఇంకా తేలిక. 1992లో మాట్లాడే బార్బీ ‘లెక్కల క్లాసు కష్టం’ అంటే విమర్శలు వచ్చాయి, కంపెనీ ఆ మాట తీసేసింది. రిబ్బను లెక్క అలా దొరికేది కాదు.

చిట్టి నీలి మనుషుల కార్టూన్ ‘స్మర్ఫ్స్’నే చూడండి. ఒకడు మేధావి, ఒకడు సణుగుడుగాడు, ఒకడు బద్ధకస్తుడు. స్మర్ఫెట్ మాత్రం ఆడపిల్ల. అదే ఆమె గుణం, అదే ఆమె పేరు. 2013లో మొదలైన ‘పా ప్యాట్రోల్’ కార్టూన్‌లోనూ మొదటి ఆరు కుక్కపిల్లల్లో ఆడది ఒక్కటే. దాని దుస్తుల రంగు చెప్పాలా?

మనమేమీ తక్కువ తినలేదు. తెలుగులో ఎలుగుబంటి ‘వచ్చింది’ అంటే చాలు, ఆడా మగా తేల్చనక్కర్లేదు. అయినా బొమ్మల పుస్తకంలో దానికి చొక్కా కనబడితే చాలు, ‘వచ్చాడు’ అనేస్తాం.

ఆడపిల్లను కథానాయికను చేస్తే సరిపోతుందా? వీడియో ఆటల్లో ఏళ్ల తరబడి కథానాయకుడు మారియో కాపాడుతూ వచ్చిన రాకుమారి పీచ్, 2005 నాటి ‘సూపర్ ప్రిన్సెస్ పీచ్’ ఆటలో తానే మారియోను కాపాడడానికి బయల్దేరింది. ఆమె ఆయుధాలేమిటి? సంతోషం, కోపం, దుఃఖం, ప్రశాంతత. ఏడిస్తే కన్నీళ్లు ధారగా కారి మొక్కలు పెరుగుతాయి. ఆడవాళ్లకు భావోద్వేగాలు ఎక్కువన్న పాత మాటే ఇక్కడ ఆట నియమమైంది.

దీన్ని ఆడపిల్లలకు జరిగిన అన్యాయంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఆ ఏడుపులో బలముంది, దానితో దారులు తెరుచుకుంటాయి. మగ కథానాయకుడు గోతిలో పడతాడు, కాలుతాడు, చస్తాడు, మళ్లీ మొదటి నుంచి పరుగెత్తుతాడు. దెబ్బ తగిలిన ప్రతిసారీ తెర మూలన ఒక ప్రాణం గుర్తు తగ్గుతుంది. అతడి ఆటలో ఏడవడానికి మీట లేదు.