నల్ల పూత డబ్బా గారికి పెయింటు షెడ్డు మేస్త్రి ఉత్తరం

పికప్ తొట్టి లోపల ఎవరికివారే పూసుకునే మహారాజశ్రీ నల్ల పూత డబ్బా గారి సముఖానికి,

పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లే రోడ్డు పక్కన పెయింటు షెడ్డు నడుపుకుంటున్న మేస్త్రి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ దయవల్ల నా గ్రైండరు ఇంకా క్షేమం. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి దానికి ఒక్క పూట ఖాళీ లేదు.

మీరు మా ఊళ్లో అడుగుపెట్టకముందు పికప్ కొన్నవాడు తొట్టిలో పాత రబ్బరు షీటో, ప్లైవుడ్ ముక్కో పరుచుకునేవాడు. కాస్త చేతిలో ఉన్నవాడైతే గళ్ల రేకు వేయించేవాడు. రేకు ఎర్రబడితే నా దగ్గరికొచ్చి రెడాక్సైడ్ కొట్టించుకుని పోయేవాడు. ఇప్పుడు ఫోన్లో ఓ నొక్కు నొక్కితే మీరే గుమ్మంలోకి వచ్చేస్తున్నారు. మీ వెంట మీలో కలిపితే మిమ్మల్ని గట్టిపరిచే హార్డనర్ సీసా, ఓ రోలరు, అరచేతి వెడల్పు ఎమరీ పేపరు. డబ్బా మీద నిగనిగలాడే బండి బొమ్మ, దాని వెనక ఎడారి. అక్కడ మీరు బ్రహ్మాండంగా అతుక్కుంటారు, ఆయ్, నాకేం అనుమానం లేదు.

మాది ఎడారి కాదండి. ఒకపక్క కాలవ, ఒకపక్క చేపల చెరువు, కాస్త దిగువకు వెళ్తే సముద్రం. మీలో ఉన్న ఐసోసైనేట్ అనే రసాయనానికి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుందట. ఆ గాలి బయటికి పోయేలోపు మీరు గట్టిపడితే పూతంతా బుడగలే. వర్షాకాలంలో గాలి 30 డిగ్రీలుండి తేమ 85 శాతం ఉందనుకోండి, రేకు 27 దాకా చల్లబడితే చాలు, కంటికి ఆనని తడి దానిమీద చేరిపోతుంది. మంచు పడే ఉష్ణోగ్రత కన్నా రేకు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలని పెయింటు పని తెలిసిన ప్రతివాడూ చెబుతాడు. మావాళ్లేమో ఎండ రాకముందే పని కానిచ్చేద్దామని తెల్లారి ఆరింటికి రోలరు పడతారు! అప్పటికి బండి మీద మంచు ఇంకా ఆరనే ఆరదు.

ఎలా పూయాలో చెబుతూ మీతో వచ్చే కాగితం మీద నాలుగు బొమ్మలున్నాయి. మొదటి బొమ్మలో ఓ చెయ్యి, ఆ చేతిలో స్పాంజి. అంతే, రెండో బొమ్మకల్లా రోలరు వచ్చేసింది. ఆ రెండు బొమ్మల మధ్య ఉన్న సందులోనేనండి, నా సంపాదనంతా ఉంది.

2009లో వనామి రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక మా వైపు చేలు చెరువులు కావడం ఇంకా జోరందుకుంది. పికప్‌ల సంగతి చెప్పేదేముంది. ట్రేల్లో రొయ్యలు, వాటి మీద ఐసు, ఐసు కరిగి కారే ఉప్పునీళ్లు, మేత బస్తాల్లోంచి రాలిన పొడి, ఆ పొడిలో చేపనూనె. ఇదంతా రేకు గాడుల్లోకి దిగి కూర్చుంటుంది. సబ్బుతో కడిగితే జిడ్డు కొంత పోతుంది గానీ, తుప్పు గుంటల్లో దూరిన ఉప్పు ఒక కడుగుతో వదలదు. మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. ఒక్క చోట ఉప్పు మిగిలినా, మీరు పైన కమ్మేశాక అది నెమ్మదిగా తడిని లాక్కుంటుంది, పొక్కు లేస్తుంది. కడిగాక ఆరబెట్టాలి. థిన్నరుతో తుడవాలి. తుప్పును వైరు బ్రష్‌తో తెల్ల రేకు కనపడేదాకా గీకాలి, అక్కడ ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. మిగతా తొట్టంతా, మూలలతో సహా, మెరుపు చచ్చేదాకా 80 నంబరు ఎమరీతో రుద్దాలి. మీరిచ్చిన పేపరు ముక్క వెనక తలుపుకైనా చాలదు.

పైగా మావాళ్లకు బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం వెళ్లే ముందల్లా ఓ కోటు ఎనామిల్ కొట్టించే అలవాటుంది. తొట్టి మీద ఎన్ని పొరలున్నాయో ఓనరుకే తెలీదు. మీలోని ఘాటు ద్రావకం ఆ పాత ఎనామిల్లోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. మీరు గట్టిపడేసరికి కింద అది ముడతలు పడి లేచిపోతుంది. మీరు పట్టుకున్నదే రేకును వదిలేశాక మీ పట్టు ఎంత గట్టిదైతే మాత్రం ఏం లాభం? తొట్టిలోంచి పెద్ద పెద్ద పెచ్చులు ఊడి వస్తాయి. వాటిని తీసి చూస్తే మీ వీపుకు పాత పెయింటు అంటుకుని ఉంటుంది. ఓనరు మాత్రం “మందు డూప్లికేట్ అండి” అంటాడు. నేను కాదనను, గ్రైండరు ఆన్ చేస్తాను.

ఇక కలపడం. మూడు పాళ్లకు ఒక పాలు హార్డనర్ అని రాసిన రకాన్ని కూడా కంటికొలతతో కలిపేస్తారు. కొందరు సగం సీసా దాచుకుంటారు, తర్వాత పనికొస్తుందని. హార్డనర్ తగ్గితే మీరు వారమైనా ఆరరు, బస్తా పెడితే బస్తాకు అంటుకుంటారు. కలిపాక గంటసేపు వాడుకోవచ్చని మీరు రాసింది చల్లటి దేశాల లెక్క. ఇలాంటి రసాయనాల పని ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపు వేగమవుతుంది. మా మే నెలలో గంట ఎక్కడుంటుందండి? సగం తొట్టి పూసి మజ్జిగ తాగొచ్చేసరికి రోలరు ట్రేలో కర్రలా నిలబడి ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఎగతాళి లేకుండా చెబుతున్నాను. మాస్కు సంగతి మీరు చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. 1984లో భోపాల్లో ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసైనేట్‌ది మీ వంశమే. మీరు అంత తేలిగ్గా ఆవిరయ్యే రకం కాదు, అది ఒప్పుకుంటాను. రోలరుతో పూస్తే ప్రమాదం తక్కువే. కానీ స్ప్రే గన్నుతో కొట్టినప్పుడు తుంపరై గాల్లో తేలతారు. ఒకసారి ఒంటికి పడకపోయిందంటే ఆ మనిషికి ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం లేస్తుంది. మావాడు మొహానికి తువ్వాలు చుట్టుకుని, తలుపులేసిన షెడ్డులో, పిల్లాణ్ణి టార్చి పట్టుకోమని పక్కన నిలబెట్టి మరీ కొడతాడు. ఆ నాలుగు బొమ్మల్లో ఒక బొమ్మ దీనికి ఇచ్చి ఉంటే మీ డబ్బా అమ్మకం ఆగిపోయేదా?

మీ గొప్ప మీకుంది, కాదనను. సరిగ్గా పూస్తే ట్రేలు జారవు, అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు వేసుకొస్తుంటే చప్పుడు తగ్గుతుంది, రేకుకు గీతలు పడవు. పైనుంచి దించే ప్లాస్టిక్ తొట్టి అయితే కింద నీళ్లు నిలవేసి, ఊగి ఊగి పెయింటు అరగదీస్తుంది. మీకు ఆ జబ్బు లేదు. వేడి చేసి, పెద్ద ప్రెషరు యంత్రంతో కొట్టే పాలీయూరియా పూత అయితే సెకన్లలో గట్టిపడుతుంది, మందంగా కూర్చుంటుంది. మీరు రోలరు మీద వచ్చే తమ్ముడు, మీ ఒంటికి అంత మందం ఉండదు. చౌక రకాలైతే ఎండకు నలుపు మూన్నాళ్ల ముచ్చటే, ఆ తర్వాత బూడిద రంగు. ఇవేవీ మీ తప్పులు కావు. చివరి అరగంట పనిని మీ పేరున అమ్ముకుని, దాని ముందున్న రెండ్రోజుల చాకిరీని, ఊడితే వచ్చే నిందనీ “మీరే చేసుకోండి” అని కొన్నవాడి నెత్తిన పెట్టడమే నాకు నచ్చని సంగతి.

హమాలీలు కూడా మీకో మాట చెప్పమన్నారు. మీ గరుకు మీద బస్తా లాగితే అడుగు చిరిగిపోతోందట. వాళ్లు అన్న మాట యథాతథంగా రాయలేను, ఆడవాళ్లు చదువుతారు.

ప్రస్తుతం షెడ్డులో ఒక బొలెరో ఉంది. పైన పటారం, లోన లొటారం. నీళ్లు పోయే కంతలన్నీ మీతోనే పూడ్చేశారు, తాడు కట్టే కొక్కేలు పూతలో కూరుకుపోయాయి, వెనక తలుపు మడతబందు కదలట్లేదు. ముందు డ్రిల్లు వేసి కంతలు తెరవాలి.

ఇట్లు,
తమ వల్ల నాలుగు డబ్బులు చూస్తున్న,
షెడ్డు మేస్త్రి

తా.క.: మీ రోలరును మావాళ్లు మళ్లీ వాడదామని కిరసనాయిల్లో నానబెట్టి తెచ్చారు. మీరు ఒకసారి గట్టిపడ్డాక కిరసనాయిలుకు కరగరని ఎంత చెప్పినా వినడం లేదు. దయచేసి తదుపరి డబ్బాలో రెండు రోలర్లు పంపగలరు.